పాటల పెట్టెకు గూడు... బస్తర్ టేకుకు గోడు

మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, అడుగున్నర లోతు. నట్టింట సంగీత పరికరాలు అమర్చుకోవడానికి మధ్యతరగతి గృహస్థు వడ్రంగికి చెప్పే కొలతలు సాధారణంగా ఈ పరిధిలోనే ఉంటాయి. అటువంటి షోకేసును పూర్తిగా టేకుతోనే చేయించాలంటే ఎంత కలప కావాలో లెక్కవేయడం కష్టం కాదు. రెండు పక్క పలకలు, పైనా కిందా కలుపుకొని ఐదు అడ్డపలకలు ముప్పావు అంగుళం మందాన తీసుకుంటే రెండు ఘనపుటడుగులకు పైచిలుకు అవుతుంది. చిత్రిక పట్టినప్పుడు పోయే తరుగు, తలుపుల చట్రాలు చేరిస్తే మూడు ఘనపుటడుగులు. కోత మిల్లులో గుండ్రటి దుంగను పలకలుగా కోసేటప్పుడు దాదాపు సగం పొట్టుగా, పనికిరాని చెక్కలుగా పోతుంది కనుక, దుంగ రూపంలో ఆరు ఘనపుటడుగులు కావలసి ఉంటుంది.

నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవు గల దుంగను కలప వ్యాపారులు పది ఘనపుటడుగులుగా లెక్కిస్తారు. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, ఆపైన పొడవుతో హెచ్చవేయడం వారి పద్ధతి. అంటే అటువంటి దుంగ రెండు షోకేసులకు చాలదు. అంత లావు ఎదగడానికి టేకు చెట్టుకు సుమారు అర్ధశతాబ్దం పడుతుంది.

ఆ చెట్టు ఎక్కడ పెరిగింది, ఎవరి భూమిలో పెరిగింది, దాని ధరలో ఆ భూమి యజమానికి ముట్టినది ఎంత అనే ప్రశ్నలు షోకేసు ముందు కూర్చుని పాట వినేవారికి తట్టవు. బస్తర్ ఉదంతం తెలిసినవారు మాత్రం ఈ ప్రశ్నలను తప్పించుకోలేరు.

గాలి ఆడాలి, అదురు తగ్గాలి

పాటల పెట్టెకు గూడు కట్టడం కేవలం అలంకార విషయం కాదు. వాల్వు రేడియోల కాలంలో ఈ చిక్కు అంతగా ఉండేది కాదు. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ వంటి కంపెనీల సెట్లు తమ చెక్క పెట్టెను తామే తెచ్చుకునేవి. వాల్వుల వేడి బయటికి పోవడానికి వెనుక అట్టకు రంధ్రాలు ఉండేవి. ఆ రేడియోపై ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి, గోడకు ఆనించి పెట్టడం మన ఇళ్లలో ఆచారం. పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము చెల్లించి తెచ్చుకున్న వస్తువును అపురూపంగా చూసుకోవడంలో వింత లేదు గానీ, ఆ గుడ్డ వల్ల లోపలి వాల్వులకు ఊపిరాడేది కాదు. 1980ల మధ్యలో ఆ లైసెన్సు విధానం రద్దయింది. అప్పటికే టూ-ఇన్-వన్‌లు ఇల్లిల్లూ చేరుతున్నాయి. ఆ వెనుకనే యాంప్లిఫయరు, డెక్, ట్యూనరు, రికార్డు ప్లేయరు, తరువాత సి.డి. ప్లేయరు విడివిడి పెట్టెలుగా వచ్చాయి. వాటిని ఒకదానిపై ఒకటి పేర్చడంతోనే అసలు సమస్య మొదలైంది.

సాధారణ యాంప్లిఫయరు తాను తీసుకునే విద్యుత్తులో సగం వరకు, కొన్ని సందర్భాలలో అంతకు మించి, వేడిగా మారుస్తుంది. లోపలి ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ల చుట్టూ ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుర్దాయం సగానికి పడిపోతుందన్నది ఇంజినీర్లు ఉజ్జాయింపుగా పాటించే సూత్రం. మే నెలలో నలభై డిగ్రీలు దాటే తెలుగు నేలపై, గాజు తలుపులు బిగించిన అరలో యాంప్లిఫయరును బంధించడమంటే దాని ఆయువును చేజేతులా తగ్గించుకోవడమే. అందుచేత దానిని పై అరలో ఉంచి, పైన కనీసం నాలుగంగుళాల ఖాళీ వదలి, వెనుక పలకకు చేయి పట్టేంత కంత పెట్టించడం మేలు. దాని నెత్తిన డెక్‌నో, సి.డి. ప్లేయరునో ఎక్కించడం తగదు. ట్రాన్స్‌ఫార్మరు పక్కన క్యాసెట్ డెక్ ఉంచితే పాట మధ్యలో సన్నని గుయ్యిమనే రొద వినవస్తుంది. కరెంటు తీగను, సంకేతాలు మోసే సన్నటి తీగను జంటగా కట్టివేసినా అదే ఫలితం. రెండూ ఒకదానినొకటి దాటక తప్పని చోట నిలువుకు అడ్డంగా దాటించాలి.

స్పీకర్ల విషయంలో జరిగే పొరపాటు ఇంకా పెద్దది. ఖాళీ అర ఉన్నది కదా అని వాటిని షోకేసులోకి తోస్తే, అర మొత్తం డోలులా మోగి మంద్రస్వరాలు ముద్దగా వినిపిస్తాయి. అవి గూడు బయట, ఒకదానికొకటి ఎడంగా, కూర్చున్న మనిషి చెవి ఎత్తున ఉండాలి. రెండు స్పీకర్లూ, వినేవాడూ కలిసి మూడు భుజాలూ సమానమైన త్రిభుజంలా కుదిరితే గాయకుడి గొంతు సరిగ్గా నడుమ నుంచి వస్తున్నట్టు తోస్తుంది. రికార్డు ప్లేయరు ఉన్న ఇంట్లో ఈ ఎడం మరింత అవసరం. స్పీకరు అదురు పలక గుండా ముల్లుకు చేరితే, ఆ అదురే మళ్లీ స్పీకరులోకి వెళ్లి పెరిగి పెరిగి ఊళగా మారుతుంది.

ఈ పరికరాల వెడల్పు చాలా వరకు 430 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. టెలిఫోను ఎక్స్ఛేంజీలలో పుట్టి స్టూడియోలకు, కంప్యూటరు గదులకు పాకిన 19 అంగుళాల ఉక్కు ర్యాక్ ఇళ్లలోకి పెద్దగా రాలేదు. మన గదిలో చెక్కదే రాజ్యం.

టేకే ఎందుకు?

చెక్కలలో టేకుకు ఇంత గిరాకీ కేవలం దర్జా కోసం కాదు. వానకాలంలో ఉబ్బి, ఎండకాలంలో ముడుచుకుపోయే కలపతో చేసిన తలుపులు రెండేళ్లకే పట్టుకుంటాయి. టేకులో ఆ మార్పు స్వల్పం. దాని చేవలోని నూనె వంటి పదార్థాలు చెదను దరిచేరనివ్వవు. అదే జాతి కలపలో చేవలేని తెల్లటి భాగానికి ఆ రక్షణ లేదు. కొనేవారు రంగు చూసి దుంగ ఎంచుకోవడం అందుకే. మూడడుగుల పొడవు పలకపై పది కిలోల యాంప్లిఫయరు ఏళ్ల తరబడి కూర్చున్నా బాగా ఆరిన టేకు తేలిగ్గా కుంగదు. గుగ్గిలం చెట్టుగా తెలుగువారెరిగిన సాల వృక్షపు కలప టేకు కంటే బరువైనది, గట్టిది. అయితే ఉలికి లొంగదు. రైలు పట్టాల కింద స్లీపర్లుగా అది వెలిగింది. ఇంటి సామానులో టేకుదే పైచేయి.

కలప అడితిలో టేకుకు ఊరి పేర్లు ఉంటాయి. బర్మా టేకు, నాగపూర్ టేకు, సి.పి. టేకు, బల్లార్షా టేకు. బల్లార్షా దుంగ తెలుగు వడ్రంగికి నాణ్యతకు మారుపేరు. ఈ పేర్లు కలప పుట్టిన చోటును కచ్చితంగా చెప్పవు. అది ఏ డిపోలో, ఏ వేలంలో చేతులు మారిందో సూచించగలవంతే. గోదావరి, ఇంద్రావతి, ప్రాణహిత పరీవాహక ప్రాంతాల అడవి ఒకదానితో ఒకటి కలిసిపోయినట్టే, ఆ అడవుల దుంగలు కూడా అడితిలో కలిసిపోతాయి.

బస్తర్ అనగానే తెలుగు పాఠకునికి మొదట స్ఫురించేది బైలదిల్లా ఇనుము. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968 నుంచి అక్కడ తవ్వుతున్న ఖనిజం కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం మీదుగా విశాఖ రేవుకు చేరుతున్నది. అయితే ఇనుము కంటే ఎంతో ముందే బస్తర్ సంపద తెలుగు దేశానికి దిగివచ్చింది, అదీ నీటి దారిన. ఇంద్రావతి బస్తర్ పీఠభూమిని దాటి భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద కలుస్తుంది. ఎగువ అడవులలో నరికిన కలపను తెప్పలుగా కట్టి వదిలితే ప్రవాహమే దానిని రాజమండ్రికి చేర్చేది. రాజమండ్రి కలప వ్యాపారానికి పేరు పొందడంలో ఈ నీటి దారి పాత్ర తక్కువది కాదు.

చెట్టు నీది, సొమ్ము మాది

పాత బస్తర్ జిల్లా విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. కేరళ రాష్ట్రం కంటే పెద్దది. 1998లో అది మూడు జిల్లాలైంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన తరువాత 2007లో, 2012లో మళ్లీ విభజనలు జరిగి నేడు ఏడు జిల్లాలుగా ఉన్నది. అడవి విషయంలో అక్కడి ఆదివాసులకు ప్రభుత్వంతో తగవు కొత్తది కాదు. అటవీ భూములను రిజర్వు చేసే ప్రయత్నం 1910 నాటి భూంకాల్ తిరుగుబాటుకు ప్రధాన కారణాలలో ఒకటి. ఆ తిరుగుబాటు నాయకుడు గుండాధుర్ పేరు నేటికీ ఆ ప్రాంతంలో నిలిచి ఉన్నది. 1970ల మధ్యలో ప్రపంచబ్యాంకు తోడ్పాటుతో సాల వనాలు తొలగించి కాగితపు గుజ్జు కోసం పైన్ తోటలు పెంచాలన్న పథకం తలెత్తింది. బస్తర్ కలెక్టరుగా పనిచేసిన బి.డి. శర్మ వంటివారు దానిని వ్యతిరేకించారు. ఆదివాసుల ప్రతిఘటన నేపథ్యంలో 1980ల ఆరంభంలో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించుకున్నది.

ఇవన్నీ ప్రభుత్వ అడవికి సంబంధించినవి. టేకు కథలోని అసలు మెలిక ఆదివాసి సొంత భూమిలో ఉన్నది. పట్టా భూమిలో నిలిచిన చెట్లను అక్కడ 'మాలిక్ మక్బూజా' అంటారు. యజమాని స్వాధీనంలోనివి అని దాని భావం. రైతు భూమిలో ఉన్నప్పటికీ విలువైన చెట్లపై హక్కు ఒకప్పుడు ప్రభుత్వానిదే. 1950లలో వచ్చిన భూ రెవెన్యూ చట్టంతో ఆ హక్కు భూయజమానికి దక్కింది. ఇది న్యాయమైన మార్పే. అయితే ఒక్కరోజులో వేల రూపాయల విలువైన టేకుకు యజమాని అయిన ఆదివాసికి బజారు ధర తెలియదు. గుత్తేదారులు గ్రామాలపై వాలి కారుచౌకగా చెట్లు కొనడం ఆరంభించారు. ఆ దోపిడీని అరికట్టడానికే మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1956లో ఆదివాసుల చెట్లపై హక్కుల రక్షణ చట్టం తెచ్చింది.

కలెక్టరు అనుమతి లేనిదే ఆదివాసి భూమిలోని విలువైన చెట్టును నరకరాదు, అమ్మరాదు. వచ్చిన సొమ్ము నేరుగా చేతికి ఇస్తే వడ్డీ వ్యాపారి పాలవుతుందన్న భయంతో, కలెక్టరు, భూయజమాని పేర్లపై ఉమ్మడి ఖాతా తెరిచి అందులో జమచేసే ఏర్పాటు కూడా జరిగింది. కాగితంపై ఇంతకంటే గట్టి కట్టుబాటు ఊహించడం కష్టం.

ఆచరణలో ఆ కట్టుబాటే దళారులకు నిచ్చెన అయింది. అనుమతి లేనిదే చెట్టు కదలదు కనుక, అనుమతి ఇప్పించగలవాడే చెట్టుకు అసలు యజమాని అయ్యాడు. దరఖాస్తు రాయడం, పట్వారీతో కొలతలు వేయించడం, అటవీ అధికారుల ముద్రలు కొట్టించడం, చివరకు బ్యాంకు కాగితంపై వేలిముద్ర వేయించడం, అన్నీ అతని చేతి మీదుగానే నడిచాయి. మరొక మార్గం ఇంకా తేలికైనది. చెట్టును కొనడానికి సవాలక్ష నిబంధనలు ఉంటే, టేకుతో సహా భూమినే కొనివేయడం. ఆదివాసి భూమి ఆదివాసేతరులకు బదిలీ కారాదని చట్టం ఉన్నది. మన ప్రాంతంలో 1/70 చట్టాన్ని ఎరిగినవారికి ఆ చట్టం చుట్టూ అల్లుకున్న బినామీ బాగోతం గురించి వేరే చెప్పనక్కరలేదు. బస్తర్‌లోనూ అదే తంతు. చెట్ల విలువలో స్వల్పభాగానికే భూమి చేతులు మారింది. ఆ వెనువెంటనే నరికివేతకు అనుమతులు వచ్చాయి. పట్టా భూమి పేరిట తీసుకున్న అనుమతితో పక్కనున్న ప్రభుత్వ అడవి చెట్లు కూడా నేలకూలాయన్న ఆరోపణలు వెల్లువెత్తాయి.

1990లలో ఈ వ్యవహారం పరాకాష్ఠకు చేరింది. స్వచ్ఛంద సంస్థలు, విలేఖరులు వెలికి తెచ్చిన విషయాలపై మధ్యప్రదేశ్ లోకాయుక్త విచారణ జరిగింది. దేశమంతటా అటవీ నరికివేతపై 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో చారిత్రాత్మక ఉత్తర్వు ఇచ్చిన సుప్రీంకోర్టు ముందుకే బస్తర్ మాలిక్ మక్బూజా వివాదం కూడా వచ్చింది. ఆ దశాబ్దం చివరలో న్యాయస్థానం బస్తర్‌లో ఈ నరికివేతను నిలిపివేయడమే గాక, సి.బి.ఐ. దర్యాప్తునకు ఆదేశించింది. వ్యాపారులే కాదు, ఉన్నతస్థాయి అధికారుల పాత్రపైనా ప్రశ్నలు తలెత్తాయి. 1956 చట్టం స్థానంలో 1999లో కొత్త చట్టం వచ్చింది.

నిషేధం అవసరమేనన్నది నిర్వివాదాంశం. దాని భారం మాత్రం దళారిపై కాక, మళ్లీ చెట్టు యజమానిపైనే పడింది. కూతురి పెళ్లికో, వైద్యానికో పెరట్లోని టేకును అమ్ముకోవలసి వచ్చిన ఆదివాసి, తన చెట్టు తనదేనని రుజువు చేసుకుంటూ కచేరీల చుట్టూ తిరగవలసి వచ్చింది. తన పేరున ఉన్న ఖాతాలోని సొమ్మును మరొకరి సంతకం లేనిదే తీసుకోలేని యజమానిని యజమాని అనవచ్చునా అన్న ప్రశ్నకు రక్షణ చట్టాలు రూపొందించినవారు సూటిగా జవాబు చెప్పలేదు. రక్షణ పేరిట పెత్తనం, పెత్తనం చాటున దోపిడీ, దోపిడీకి విరుగుడుగా నిషేధం. బస్తర్ టేకు ఈ మూడింటి మధ్యే నలిగింది.

కొనేవారి చేతిలో ఉన్నది

వినియోగదారుడు చేయగలిగినది లేకపోలేదు. టేకు కలప ఒక చోటి నుంచి మరొక చోటికి కదలాలంటే అటవీశాఖ రవాణా పర్మిట్ ఉండాలి. దుంగపై సుత్తి ముద్ర ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1970 నాటి రవాణా నిబంధనలు ఈ విషయమై స్పష్టంగా ఉన్నాయి. 2023లో కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్తంగా ఒకే రవాణా పాస్ విధానాన్ని ఆన్‌లైన్‌లో ప్రవేశపెట్టింది. అడితిలో సైజు, ధర అడిగే గృహస్థు పర్మిట్ అడగడు. కోసిన పలకకు ముద్ర ఉండదు గనుక అడిగినా చూపడం కష్టమని వ్యాపారి అంటాడు. ఆ మాటలో కొంత నిజమున్నా, తాను కొన్న దుంగల బిల్లు, పర్మిట్ నంబరు అతని వద్ద ఉండవలసినవే. బిల్లు లేకుండా కాస్త తక్కువకు ఇస్తామన్న కలప ఎందుకు తక్కువకు వస్తున్నదో ఊహించడం కష్టమేమీ కాదు.

పాటల పెట్టె గూడుకు నిలువెల్లా టేకు అక్కరలేదన్నది మరొక సంగతి. బరువు మోసే చట్రం, అంచుల బద్దలు టేకువి పెట్టి, పలకలకు మంచి రకం ప్లైవుడ్ వాడి పైన పలుచటి టేకు పొర అతికిస్తే కలప వాడకం ఎన్నో వంతులు తగ్గుతుంది. అందానికి లోటు రాదు. పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు చవకే గానీ, తేమ తగిలితే ఉబ్బుతుంది. మూడడుగుల అరగా వాడితే బరువుకు విల్లులా వంగుతుంది. దానిని ఎంచుకునేవారు మధ్యలో ఒక నిలువు బద్ద ఆసరా పెట్టించుకోవడం అవసరం. ఇనుప గొట్టాల చట్రంపై చెక్క పలకలు పరిచిన తెరిచి ఉండే స్టాండు అన్నిటికంటే చల్లనిది. గాలి నలువైపులా ఆడుతుంది. దుమ్ము పడుతుందని మన గృహిణులు దానిని ఒప్పుకోరు. వారి మాటా కొట్టివేయదగినది కాదు. దుమ్ము, బల్లులు, చీమలు ఈ పరికరాలకు వేడి తరువాతి శత్రువులు.

చేతిపని ఇష్టపడేవారికి బస్తరే ఒక దారి చూపుతున్నది. కొండగావ్, జగదల్‌పూర్ పరిసరాల్లోని చెక్క పనివారు చెక్కే బొమ్మలు, పలకలు దేశమంతటా అమ్ముడవుతున్నాయి. బస్తర్ ఢోక్రా లోహపు బొమ్మలతో పాటు అక్కడి చెక్క పనికీ భౌగోళిక గుర్తింపు లభించింది. దుంగగా పోయిన టేకుపై గుత్తేదారు మిగుల్చుకున్నంత, చెక్కి అమ్మిన పలకపై పనివాడు మిగుల్చుకోగలిగితే లెక్క తారుమారవుతుంది. అందుకు వారికి చట్టబద్ధమైన కలప సరసమైన ధరకు అందాలి. డిపో వేలంలో పెద్ద వ్యాపారులతో పోటీపడి దుంగ పాడుకునే స్తోమత చిన్న పనివానికి ఉండదు. ప్రభుత్వ డిపోలలో వారికి కొంత కలప ప్రత్యేకించడం ఖజానాకు పెద్ద భారం కాబోదు.

టేకును ఇచ్చిన పల్లెలలో పాట ఎలా వినిపించిందన్నది కూడా చెప్పుకోవలసిన విషయమే. జగదల్‌పూర్‌లో ఆకాశవాణి కేంద్రం 1977లో ప్రసారాలు ఆరంభించింది. హల్బీ, గోండి వంటి భాషల కార్యక్రమాలు ఆ ప్రాంతపు గాలిలోకి వచ్చాయి. కరెంటు లేని ఊళ్లలో బ్యాటరీలతో నడిచే ట్రాన్సిస్టరు సెట్టే సంగీత సామగ్రి అంతా. దానికి గూడు అక్కరలేదు. పొలానికి వెళితే భుజాన, ఇంటికొస్తే పైకప్పు వాసానికి. తరువాత 2010లో, బి.బి.సి.లో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి చొరవతో సి.జి.నెట్ స్వర అనే ఫోను ఆధారిత వార్తా సేవ మొదలైంది. మామూలు మొబైల్ నుంచి ఒక నంబరుకు ఫోను చేసి, గోండిలోనో హల్బీలోనో తమ ఊరి సంగతి, పాట, ఫిర్యాదు రికార్డు చేయవచ్చు. ఇతరులు అదే నంబరుకు ఫోను చేసి వినవచ్చు. ఇంటర్నెట్ అందని గ్రామాల కోసం ఆ రికార్డింగులను ఒక ఫోను నుంచి మరొక ఫోనుకు బ్లూటూత్ ద్వారా పంచుకునే పద్ధతి కూడా వచ్చింది. 'బుల్టూ రేడియో' అన్న పేరు దానికి అలా వచ్చినదే. చేతిపంపు పాడైందని, ఉపాధి పనుల కూలి అందలేదని ఆ ఫోనులో వినిపించే గొంతులు సంబంధిత అధికారి నంబరును కూడా చెబుతాయి. విన్నవారెవరైనా ఆ అధికారికి ఫోను చేసి అడగవచ్చు.